'స్కెలిటన్ క్రూ'లో పాత ఓడదొంగలు ఎక్కడెక్కడ దాక్కున్నారు? (స్పాయిలర్లు ఉన్నాయి)

లంగరు
ఈ స్టార్ వార్స్ సిరీస్ 2024 డిసెంబరులో మొదలై 2025 జనవరిలో అయిపోయింది. మొత్తం 8 ఎపిసోడ్లు. నేను మాత్రం మొన్న వేసవి సెలవుల్లో మా అబ్బాయి పోరు పడలేక చూశాను. స్టార్ వార్స్ అంటే నాకు వెలిగే కత్తులూ, బుసకొట్టే నల్ల ముసుగాయనా, అంతే. పేపరు పక్కన పెట్టుకుని కూర్చున్నవాణ్ణి, రెండో ఎపిసోడ్‌కల్లా పేపరు మడిచేశాను.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆట్ ఆటిన్ అని ఒక గ్రహం. చుట్టూ దట్టమైన తెర. లోపలివాళ్ళకి బయట ప్రపంచం తెలీదు, బయటివాళ్ళు ఆ గ్రహం ఉందంటే నమ్మరు. అక్కడి నలుగురు పిల్లలు, విమ్, ఫెర్న్, నీల్, కేబీ, అడవిలో మట్టికింద కూరుకుపోయిన ఒక పాత ఓడ కనిపెడతారు. పొరపాటున మీట నొక్కితే అది కాస్తా ఎగిరిపోతుంది. ఇక ఇంటికి దారి వెతుక్కోవాలి. మధ్యలో జాడ్ అనే పెద్దమనిషి తగులుతాడు. ఆ వేషం 'జూడ్ లా' అనే ఇంగ్లీషు నటుడు వేశాడు.

ఇది అంతరిక్షం వేషం కట్టిన ఓడదొంగల కథ అని నా వాదన. అయితే నేను చెప్పేది పుర్రెబొమ్మల గురించి కాదు. అవి ఎవరైనా పెట్టగలరు. స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలాండ్'లో అసలు సరుకు నిధి కాదు, ఒంటికాలి ఓడదొంగ సిల్వర్. కుర్రాడు జిమ్‌తో ఎంత ప్రేమగా మాట్లాడతాడో అంత తేలిగ్గా గొంతు కోయగలడు. రెండూ నిజమే. ఆ మనిషిని ఈ సిరీస్ ఎత్తుకొచ్చింది, అదీ దాచకుండా. జాడ్‌కి ఉన్న మారుపేర్లలో ఒకటి కెప్టెన్ సిల్వో. ఇంకేం చెప్పాలి!

మీకు కనిపించినవి రాయండి.

కైలాసగిరి_కుర్రోడు
అన్నా, మరమనిషిని వదిలేశారే! ఓడలో మొదటి మేటు, అంటే కెప్టెన్ తర్వాతివాడు, ఎస్ఎం-33. ఇంగ్లీషులో రాసి ఆ 33ని అటు తిప్పి చూడండి, రెండు 'ఈ'లు అవుతాయి. కలిపి చదివితే 'స్మీ'. పీటర్ పాన్‌లో కెప్టెన్ హుక్ పక్కనుండే బంటు పేరు అదే. ఒక కన్ను ఊడిపోయి ఉంటుంది, ఆ కంటిగుంటలో ఎలుకలాంటి జీవి కాపురం. భుజం మీద చిలకకి బదులు అన్నమాట. నేను అది తల బయటపెట్టిన ప్రతిసారీ నవ్వాను.

ఇప్పుడే_మొదలెట్టా
ఇవాళే మొదటి ఎపిసోడ్ పెట్టాను. ఇక్కడ చదవచ్చా?

లంగరు
వద్దు తల్లీ/బాబూ. ఎవరైనా సరే, ఇక్కణ్ణుంచి పారిపోండి. 8 అయ్యాక రండి.

గాజువాక_గెలాక్సీ
నేను ఒప్పుకోను. అందరూ 'ట్రెజర్ ఐలాండ్' అంటున్నారు గానీ ఆ గ్రహంలో వీధులు చూశారా? ఒకేలాంటి ఇళ్ళు, ముందు పచ్చిక, బడి బస్సు మిస్సయితే టెన్షన్. అది 1980ల అమెరికా కాలనీ. సైకిళ్ళు గాల్లో తేలతాయి, అంతే తేడా. 1985లో వచ్చిన 'ది గూనీస్' చూడండి. పిల్లల గుంపు, పటం, ఒంటికన్ను ఓడదొంగ వదిలిపోయిన నిధి, దారి పొడవునా ఉచ్చులు. వీళ్ళు కొట్టింది అక్కణ్ణుంచి. 1883 పుస్తకం దాకా వెళ్ళక్కర్లేదు.

పాతపుస్తకాల_పిచ్చి
గూనీస్ ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు? తాత ముక్కు మనవడికి వస్తే తండ్రి ముక్కు అనడం తప్పు కాదు, తాతని మరిచిపోతే తప్పు.

లంగరు గారూ, మీరు చెప్పిన సిల్వర్ పోలికకి నేనొకటి కలుపుతాను. దీన్ని ఎవరూ పట్టించుకోలేదనిపిస్తోంది. సిరీస్ మొట్టమొదటి సీన్ గుర్తు చేసుకోండి. దొంగలు ఒక ఓడ మీద పడతారు. అంతా పట్టుకుంటారు. ఖజానా గది తలుపు తెరుస్తారు. లోపల ఒకే ఒక్క నాణెం! అంతే, సొంత మనుషులే కెప్టెన్ మీద తిరగబడతారు. ఆ కెప్టెన్ సిల్వో, మనం తర్వాత చూసే జాడే.

ఇప్పుడు పుస్తకం చివరికి వెళ్ళండి. సిల్వర్ తన ముఠాని, జిమ్‌ని వెంటేసుకుని పటం చూసుకుంటూ నిధి దగ్గరికి వస్తాడు. తీరా చూస్తే గొయ్యి ఖాళీ. దీవిలో ఒంటరిగా వదిలేసిన పాత దొంగ బెన్ గన్ ఎప్పుడో తవ్వి గుహలోకి మోసేశాడు. మరుక్షణం ముఠా సిల్వర్ మీదికి కత్తులు దూస్తుంది. పుస్తకంలో చివర్లో వచ్చే ఘట్టాన్ని వీళ్ళు తీసుకొచ్చి మొదట్లో పెట్టారు. అంటే సిల్వర్ కథ ఎక్కడ ముగిసిందో జాడ్ కథ అక్కడ మొదలవుతుంది. పుస్తకం బాగా చదివినవాళ్ళకి గానీ తట్టని పని ఇది. సిరీస్ సృష్టించిన జాన్ వాట్స్, క్రిస్టఫర్ ఫోర్డ్ ఇద్దరూ ఆ పుస్తకాన్ని నలిగేదాకా చదివారని నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

లంగరు
మేడమ్, ఇది నాకు తట్టలేదు. మళ్ళీ మొదటి ఎపిసోడ్ పెట్టి చూశాను. ఆ తలుపు తెరుచుకున్నాక వాళ్ళ మొహాలు!

డాబాగార్డెన్స్_మాస్టారు
నేను సిరీస్ మూడు ఎపిసోడ్లే చూశాను, మనవరాలు పెట్టింది. పుస్తకం మాత్రం నాకు బాగా తెలుసు. మా తరం దాన్ని ఇంగ్లీషులో చదవలేదు. నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం'గా చదువుకున్నాం. నా కాపీకి అట్టలు లేవు, మొదటి నాలుగు పేజీలు లేవు. కాబట్టి చాలా ఏళ్ళు ఆ కథ సత్రంలో ముసలి నావికుడు రమ్ము అడగడంతోనే మొదలవుతుందనుకున్నాను.

ఒక సంగతి. మన వైపు నిధి అంటే లంకెబిందెలు. పెరట్లోనో గుడి వెనకో ఉంటాయి, పాము కాపలా, అంజనం వేసి చూస్తే కనిపిస్తాయి. మనకి నిధికి పటం ఉండదు! పటం గీసి, దాని మీద గుర్తు పెట్టడం స్టీవెన్‌సన్ చలవ. 1881లో స్కాట్లాండులో వానకి ఇంట్లో ఇరుక్కుపోయి, సవతి కొడుకుతో కలిసి సరదాగా రంగులేసి ఒక దీవి బొమ్మ గీశాడు. బొమ్మ ముందు, కథ తర్వాత. నిజం ఓడదొంగలు దోచింది పాతిపెట్టడం బహు అరుదు, పంచుకుని తాగేసేవారు. కెప్టెన్ కిడ్ ఒక్కడు 1699లో అమెరికా తీరాన ఒక చిన్న దీవిలో కొంత పాతాడు. ఆ పుకారు మీదే ఇన్ని కథలు లేచాయి. కిడ్‌ని 1701లో లండన్‌లో ఉరితీశారు. మొదటిసారి తాడు తెగింది, రెండోసారి వేలాడదీశారు. అతన్ని ముంచిన ఓడ ఏమిటో తెలుసా? బెంగాల్ సరుకు వేసుకుని సూరత్‌కి పోతున్న క్వెడా మర్చంట్. పట్టుబట్టలు, మస్లిన్లు, పంచదార, నల్లమందు. అంటే ఆ కరీబియన్ కథల వేరు ఒకటి మన నీళ్ళలోనే ఉంది.

కైలాసగిరి_కుర్రోడు
మాస్టారూ, మన వైజాగ్ మీద కూడా పైరేట్లు దాడి చేశారట కదా? ఎక్కడో రీల్‌లో చూశాను.

డాబాగార్డెన్స్_మాస్టారు
రీల్‌లో చూసినది రీల్‌లోనే వదిలెయ్యి నాయనా. 1804 సెప్టెంబరు 15న జరిగింది అది. వచ్చింది ఫ్రెంచి నౌకాదళం, అడ్మిరల్ లినోవా. మారెంగో అనే పెద్ద యుద్ధనౌక, ఫ్రిగేట్లనే చిన్న యుద్ధనౌకలు ఇంకో రెండు. విశాఖ రేవులో ఇంగ్లీషు వాళ్ళ యుద్ధనౌక సెంచూరియన్, రెండు వర్తక ఓడలు లంగరేసి ఉన్నాయి. ఒక వర్తక ఓడ ఒడ్డుకెక్కి పగిలింది, రెండోదాన్ని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు, సెంచూరియన్ దెబ్బలు తిని కూడా లొంగలేదు. రాజు పంపితే యుద్ధం, సొంతంగా వస్తే దోపిడీ. కొల్లగొట్టే పని ఒకటే అయినా కాగితం తేడా. లినోవా దగ్గర కాగితం ఉంది.

గాజువాక_గెలాక్సీ
దారి తప్పుతున్నాం. నేనడిగినదానికి జవాబు రాలేదు. సరే, సిల్వర్ పోలిక ఒప్పుకుంటాను. మిగతా అంతా పైపూత కాదా? 'పైరేట్ కోడ్', అంటే ఓడదొంగల కట్టుబాట్లు, అని ప్రతి రెండు నిమిషాలకీ అంటారు. పిల్లల సిరీస్ కాబట్టి ఏదో ఆటలా పెట్టారు.

వేట_విరామం
ఇక్కడ నేను మాట్లాడాలి. మాది ఫిషింగ్ హార్బర్. నాన్న మరబోటు మీద సరంగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి, ఆ ఖాళీలో నాన్న, నేను, మా బావ కూర్చుని చూశాం.

రెండో ఎపిసోడ్‌లో ఆ మరమనిషి పిల్లల్ని పట్టుకుంటాడు. ఫెర్న్ చటుక్కున ఒక అబద్ధం ఆడుతుంది, మీ పాత కెప్టెన్‌ని చంపింది మేమే అని. కెప్టెన్‌ని చంపినవాడే కెప్టెన్ అని కోడ్. అంతే, క్షణం కింద మీద పడబోయినవాడు సెల్యూట్ కొడతాడు. మా బావ పడీ పడీ నవ్వాడు. నాన్న నవ్వలేదు. "నీళ్ళ మీదికెళ్ళాక ఒకడి మాటే చెల్లాలి. ఎవడి మాటన్నది ఒడ్డునే తేల్చుకోవాలి" అన్నాడు.

గెలాక్సీ బ్రో, కోడ్ ఆట కాదు. నేను తర్వాత చదివాను. బార్తలోమ్యూ రాబర్ట్స్ అనే నిజం ఓడదొంగ ముఠా నియమాలు 1724లో లండన్‌లో అచ్చయిన పుస్తకంలో ఉన్నాయి. ప్రతివాడికీ ఓటు. కెప్టెన్‌కి, క్వార్టర్‌మాస్టర్‌కి రెండేసి వాటాలు. పనిలో కాలో చెయ్యో పోతే ఉమ్మడి సొమ్ములోంచి 800 డాలర్లు. ఇది చదివి వినిపిస్తే నాన్న ఒకటే అడిగాడు, "డీజిలు ఖర్చు ఎవరిది?" మా బోటు మీదా అంతే మరి. వేట నుంచి రాగానే చేప వేలం అవుతుంది, డీజిలూ ఐసూ ఖర్చు తీసేస్తారు, మిగిలిన దాంట్లో ఓనరు వాటా, సరంగు వాటా, కళాసీల వాటా. చీటీ రాసేవాడి చుట్టూ అందరూ నిలబడి ఉంటారు. ఒక్క అంకె అటూ ఇటూ అయితే గొడవే. సిరీస్ మొదట్లో ఖజానా ఖాళీ అని తెలిసి ముఠా తిరగబడ్డప్పుడు వాళ్ళు చెడ్డవాళ్ళలా అనిపించలేదు నాకు. వాటా రాని కళాసీల్లా కనిపించారు.

గాజువాక_గెలాక్సీ
...సరే. ఇది బావుంది. డీజిలు ఖర్చు ఎవరిది అన్నది ఏ స్టార్ వార్స్ సైటులోనూ చదవలేదు.

లంగరు
వేట_విరామం గారూ, మీ నాన్నగారికి నమస్కారాలు. ఆయన జాడ్ గురించి ఏమన్నారు?

వేట_విరామం
జైల్లో కనిపించినప్పుడే, తాళంచెవి గాల్లో తేలుతూ వచ్చిందే, అక్కడే "వీడి చేతులు చూడు, పని చేసినవాడి చేతులు కావు" అన్నాడు. అమ్మకి మాత్రం చివరిదాకా జాడ్ ఇష్టమే.

పాతపుస్తకాల_పిచ్చి
అమ్మగారితో నేనూ ఉన్నాను. అదే కదా సిల్వర్ మాయ! ఐదో ఎపిసోడ్‌లో పాత కెప్టెన్ టాక్ రెనడ్ గుహలో జాడ్ నిజరూపం బయటపెట్టి, కోడ్ ప్రకారం ఫెర్న్‌ని సవాలు చేసి కెప్టెన్‌గిరీ లాక్కుంటాడు. పసిపిల్ల మీద కత్తి ఎత్తుతాడు. అది చూశాక కూడా ఎనిమిదో ఎపిసోడ్‌లో అతని చిన్నతనం గురించి నాలుగు మాటలు చెప్పగానే నా గుండె కరిగింది. ఆకలితో పెరిగినవాడు, చేరదీసిన ఒక్క మనిషినీ కళ్ళముందు చంపేశారు. క్షమించానా అంటే లేదు. ద్వేషించగలిగానా అంటే అదీ లేదు.

ముగింపు చూడండి. జాడ్‌ని శిక్షించరు, పొగడరు. ఆకాశం వైపు చూస్తూ ఉండిపోతాడు, తర్వాత ఏమయ్యాడో తెలీదు. పుస్తకంలో సిల్వర్ మూడు నాలుగు వందల గినీల విలువైన నాణేల సంచీ ఒకటి కొట్టేసి దారిలో రేవులో మాయమవుతాడు. తర్వాత అతని ఊసే లేదు. మిగతావాళ్ళకి పీడ విరగడైందన్న సంతోషం. చదివే మనకి మాత్రం ఆ చిలకా అతనూ ఎక్కడో హాయిగా ఉండాలని ఉంటుంది.

కైలాసగిరి_కుర్రోడు
చిలక అంటే గుర్తొచ్చింది. మనకి చిలక అంటే మాయలఫకీరు ప్రాణం. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో. వాళ్ళ చిలక భుజం మీద కూర్చుని తిడుతుంది. సిల్వర్ చిలక పేరు కెప్టెన్ ఫ్లింట్, నిధి పాతిన దొంగ పేరే దానికి పెట్టాడు.

డాబాగార్డెన్స్_మాస్టారు
ఫ్లింట్ పేరు తెచ్చావు కాబట్టి. నిధి పాతడానికి ఆరుగురిని వెంట తీసుకెళ్ళి, ఆ ఆరుగురినీ చంపి ఒక్కడే తిరిగొస్తాడు. రహస్యం తెలిసినవాడు మిగలకూడదు. సిరీస్‌లో ఇలాంటిది ఏమైనా ఉందా?

కైలాసగిరి_కుర్రోడు
ఉంది మాస్టారూ!! నాలుగో ఎపిసోడ్. ఆట్ ఆటిన్‌కి దారి ఎటని ఎస్ఎం-33ని అడిగితే "ఆట్ ఆటినా? గుర్తు లేదే" అని ఒకటే పాట. ఆ దారి ఎవరికీ తెలియకూడదని రెనడ్ ఆదేశం. గట్టిగా తవ్వేసరికి పిల్లల మీదికే తిరగబడతాడు. ఫ్లింట్ మనుషుల్ని చంపాడు, రెనడ్ జ్ఞాపకాన్ని చంపాడు. మరమనిషి కాబట్టి చావు అక్కర్లేదు.

డాబాగార్డెన్స్_మాస్టారు
శభాష్. నాలుగోది ఇవాళే పెట్టమంటాను.

పాతపుస్తకాల_పిచ్చి
గొంతు సంగతి ఎవరూ అనలేదు. ఎస్ఎం-33కి గొంతిచ్చింది నిక్ ఫ్రాస్ట్. ఆ యాస, 'ఆర్ర్' అని సాగదీయడం, ఓడదొంగలంతా అలాగే మాట్లాడతారనుకుంటాం. నిజానికి 1950లో వచ్చిన డిస్నీ 'ట్రెజర్ ఐలాండ్'లో రాబర్ట్ న్యూటన్ సిల్వర్ వేషానికి తన సొంతూరి పడమటి ఇంగ్లండు యాసని లాగి లాగి వాడాడు. ఆ ఒక్కడి యాస ప్రపంచంలోని దొంగలందరికీ అంటుకుంది. మన సినిమాల్లో రాజులంతా ఒకాయన డైలాగు ఒరవడిలోనే మాట్లాడినట్టు.

గాజువాక_గెలాక్సీ
ఆ ఒకాయన పేరు చెప్పకపోయినా అందరికీ తెలుసు 😄

నా వంతుగా ఒకటి. స్టార్ వార్స్‌కి ఈ పిచ్చి కొత్త కాదు. 1983 'రిటర్న్ ఆఫ్ ది జెడై'లో ఎడారి మీద తెరచాప పడవ, గొయ్యి మీదికి చాచిన పలక, దాని మీద హీరో లూక్‌ని నడిపించడం. పక్కా ఓడదొంగల సీన్. ఇసుకలో! అంతకుముందు 1977లో జపాన్‌లో మత్సుమోతో 'కెప్టెన్ హార్లాక్' అని బొమ్మల కథ మొదలెట్టాడు, పుర్రె గుర్తు ఉన్న అంతరిక్ష ఓడ. 2002లో డిస్నీవాళ్ళే 'ట్రెజర్ ప్లానెట్' తీశారు, అందులో సిల్వర్ సగం మనిషి సగం యంత్రం, ఓడ పేరులో ఆర్‌ఎల్‌ఎస్ అని స్టీవెన్‌సన్ పొడి అక్షరాలు. ఇంత చేసీ డబ్బులు రాలేదు. దాన్నే నేరుగా పేరు పెట్టి తీస్తే ఆడలేదు, ఇక్కడ పేరు మార్చి తీస్తే మనం ఇంతసేపు మాట్లాడుకుంటున్నాం.

లంగరు
నేను మొదట్లో అసలు సరుకు నిధి కాదన్నాను. కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను.

పోర్ట్ బోర్గో అనే దొంగల రేవులో ఆకలేసి విమ్ తిండి కొనబోతాడు. జేబులోంచి బడికి తెచ్చుకున్న భోజనం డబ్బులు తీస్తాడు. చుట్టూ ఉన్న దొంగలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తారు. అవి పాత రిపబ్లిక్ అనే ప్రభుత్వం నాటి నాణేలు, ఎప్పుడో మాయమైపోయినవి. వాడికి చిల్లర, వాళ్ళకి నిధి. తర్వాత తెలుస్తుంది, ఆ గ్రహమంతా ఒక టంకశాల అని. అందరూ వెతికే నిధి దీవి వాళ్ళ ఊరే. వాళ్ళ అమ్మానాన్నలు రోజూ ఆఫీసుకి వెళ్ళి చేసేది ఆ పనే, ఎందుకు చేస్తున్నారో వాళ్ళకే తెలీదు. పుస్తకంలో కుర్రాడు ఇంటి నుంచి నిధి దీవికి వెళ్ళి వస్తాడు. ఇక్కడ నిధి దీవి నుంచి బయటికి పోయి, మళ్ళీ నిధి దీవికి రావడమే ఇంటికి రావడం. స్టీవెన్‌సన్ చొక్కాని లోపలిది బయటికి తిప్పి తొడిగారు.

మా అబ్బాయి సంగతి చెప్పి ఆపుతాను. సిరీస్ అయ్యాక బీచ్ రోడ్డులో కురుసురా చూస్తానన్నాడు. వందసార్లు దాని ముందునుంచి వెళ్ళాం, లోపలికి వెళ్ళింది రెండోసారే. 1969 నుంచి నౌకాదళంలో తిరిగి, 2002 నుంచి ఇసుకలో కూర్చున్న జలాంతర్గామి. లోపల తల వంచుకుని ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి దూరాలి, అటూ ఇటూ గొట్టాలు, మీటలు, చక్రాలు. వీడు ఒక ఎర్ర చక్రం దగ్గర ఆగిపోయాడు. వెనక లైను ఆగింది. గైడు "కదలండి బాబూ" అంటున్నాడు. వీడు నా చొక్కా పట్టుకుని చెవిలో, "నాన్నా, దీని కెప్టెన్ ఇప్పుడు లేడు కదా?" అన్నాడు. లేడన్నాను. "అయితే కోడ్ ప్రకారం ఎవరిది?"

వేట_విరామం
😂 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు మా వీధి పిల్లలు సగం మంది ఇదే ప్రశ్న అడిగారు. మా బావ కూడా.

డాబాగార్డెన్స్_మాస్టారు
ఇందాక నాలుగోది చూశాం. ఎవరైనా అట్టలున్న 'కాంచనద్వీపం' ఇస్తే మా మనవరాలికి ఆ మొదటి నాలుగు పేజీలు చదివి వినిపిస్తాను. నేనూ వింటాను.

పాతపుస్తకాల_పిచ్చి
నా దగ్గరుంది మాస్టారూ. ఆదివారం పొద్దున డాబాగార్డెన్స్ వైపు వస్తాను. కానీ తిరిగి ఇవ్వాలి. కోడ్.

ఇప్పుడే_మొదలెట్టా
మూడు అయ్యాయి! పైవి ఏవీ చదవలేదు, చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి వచ్చేశాను. ఒక్కటే చెప్పాలని. ఆ జాడ్‌ని అందరూ అనుమానిస్తున్నారు పాపం. మంచోడే అని నా నమ్మకం.

లంగరు
చూడండి, చూడండి.